కృష్ణా డెల్టా నీటిలో విద్యుత్ వాహకత: అంకె చెప్పేది, చెప్పనిది

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందుగా కృష్ణా డెల్టా దిగువ గ్రామాలు తమ మంచినీటి చెరువులను, రక్షిత మంచినీటి పథకాల నిల్వ చెరువులను నింపుకొనుట అనేక దశాబ్దాలుగా వస్తున్న ఏర్పాటు. కొత్తవారికి ఇది వింతగా తోచవచ్చు. ఈ ప్రాంతంలో నేల తవ్వితే నీరు పడక పోదు. చాలాచోట్ల కొద్ది అడుగులలోనే నీరు తగులుతుంది. అయితే గుడివాడ, కైకలూరు మొదలుకొని మచిలీపట్నం, అవనిగడ్డల వరకు అనేక గ్రామాలలో ఆ నీరు నోట పెట్టుకొన వీలులేనంత ఉప్పన. కాళ్ళ కింద నీరున్నా కాలువ నీటి కొరకు ఎదురుచూడవలసిన స్థితికి కారణమైన ఆ ఉప్పదనాన్ని నిమిషంలోపే అంకెగా చూపే కొలత విద్యుత్ వాహకత. నీటి నాణ్యతా నివేదికలలో "ఇ.సి." అనే రెండక్షరాల కింద కనిపించేది ఇదే.

ఈ అంకె ఆధారంగానే ఒక బోరు నీరు పొలానికి పనికివచ్చునా, ఒక డ్రెయిను నీటిని తిరిగి తోడుకొనవచ్చునా, ఒక చెరువు నీటిని ప్రజలకు సరఫరా చేయవచ్చునా అనే ప్రాథమిక నిర్ణయాలు జరుగుతున్నాయి. అదే అంకె పత్రికలలోను, కార్యాలయ పత్రాలలోను తరచుగా తప్పుగా నమోదగుచున్నది కూడా. కావున పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడగలదనే ఉద్దేశ్యంతో ఈ వివరాలు అందించడమైనది.

వాహకత అనగా

స్వచ్ఛమైన నీరు విద్యుత్తును దాదాపుగా ప్రసరింపజేయదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పరిపూర్ణంగా శుద్ధి చేసిన నీటి వాహకత సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్ మాత్రమే. విద్యుత్తును మోసేవి నీటిలో కరిగిన లవణాలు. ఉప్పు నీటిలో కరిగినపుడు సోడియం, క్లోరిన్ విద్యుదావేశం కలిగిన అయానులుగా విడిపోతాయి. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు, నైట్రేటు కూడా ఈ రూపంలోనే నీటిలో ఉంటాయి. నీటిలో రెండు ఎలక్ట్రోడులను ఉంచి విద్యుత్తును పంపితే ధనావేశం గలవి ఒక వైపునకు, ఋణావేశం గలవి మరొక వైపునకు కదులుతాయి. ఆ కదలికే విద్యుత్ ప్రవాహం. లవణాలు నీటిలో తమంతట తామే అయానులుగా విడిపోవునని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1884లో తన పరిశోధనా వ్యాసంలో ప్రతిపాదించినపుడు విశ్వవిద్యాలయం దానికి తక్కువ శ్రేణినే ఇచ్చింది. 1903లో అదే సిద్ధాంతానికి ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పాత నివేదికలలో ఈ కొలతకు "మో" అనే ప్రమాణం కనిపిస్తుంది. విద్యుత్ నిరోధానికి ప్రమాణమైన "ఓమ్"ను ఇంగ్లీషులో తిరగరాయగా వచ్చిన పేరది. నేడు వాడుకలో ఉన్నది సీమెన్స్. మైక్రోమో అన్నా, మైక్రోసీమెన్స్ అన్నా విలువ ఒక్కటే. అయితే మైక్రోసీమెన్స్‌కు, మిల్లీసీమెన్స్‌కు మధ్య వేయి రెట్ల తేడా ఉన్నది. వ్యవసాయ శాస్త్రవేత్తలు డెసీసీమెన్స్‌లో, అది కూడా మీటరుకు లెక్కించి చెబుతారు. మీటరుకు 1 డెసీసీమెన్ అనగా సెంటీమీటరుకు 1 మిల్లీసీమెన్, లేదా 1,000 మైక్రోసీమెన్స్. ప్రమాణం లేకుండా "వాహకత 4గా నమోదైనది" అని వ్రాస్తే అది స్వేదన జలమో, చౌడు నేలయో పాఠకునికి తెలియదు. ఈ వ్యాసంలో ఇకపై మైక్రోసీమెన్స్ అని చెప్పినచోట అది సెంటీమీటరుకు, 25 డిగ్రీల వద్ద అని గ్రహించవలెను.

సముద్రపు నీటి వాహకత 50,000 మైక్రోసీమెన్స్‌కు పైబడి ఉంటుంది. కృష్ణా నది నీరు విజయవాడ వద్ద సాధారణంగా వందల అంకెలలోనే ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్యనున్న అంతరమే డెల్టా కథ యావత్తూ. నూరు బిందెల మంచినీటిలో ఒక్క బిందె సముద్రపు నీరు కలిసినా వాహకత 600 మైక్రోసీమెన్స్‌కు పైగా పెరుగుతుంది. నాలుగు బిందెలు కలిస్తే ఆ నీరు సేద్యానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించిన 2,250 మైక్రోసీమెన్స్ గరిష్ఠ పరిమితిని దాటిపోతుంది.

వాహకతను మార్చే అంశాలు

కరిగిన లవణ పరిమాణం వీటిలో మొదటిది. లవణం పెరిగితే వాహకత పెరుగుతుంది, అయితే సరిగ్గా అదే నిష్పత్తిలో కాదు. లవణం చిక్కబడిన కొలదీ అయానులు ఒకదాని కదలికకు మరొకటి అడ్డుపడుట చేత, ఉప్పు రెట్టింపైనా వాహకత రెట్టింపునకు కొంత తక్కువగానే ఉంటుంది. ఏ లవణం అనేది కూడా ముఖ్యమే. ఒకే ఆవేశ ప్రమాణంలో తీసుకొన్నపుడు క్లోరైడు అయాను బైకార్బొనేటు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా విద్యుత్తును మోస్తుంది. కావున లీటరుకు ఒకే బరువు లవణం గల రెండు బోర్ల నీరు రెండు వేర్వేరు వాహకతలను చూపుట వింత కాదు. ఆమ్లాలలోని హైడ్రోజన్ అయాను వీటన్నిటికంటే ఎన్నో రెట్లు వేగవంతమైనది. అందుచేతనే ఆమ్ల వ్యర్థాలు కలిసిన నీటిలో అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది.

క్షేత్రంలో ఎక్కువ పొరపాట్లకు తావిచ్చేది ఉష్ణోగ్రత. నీరు వేడెక్కిన కొలదీ అయానులు చురుకుగా కదులుతాయి. ఒక్కో డిగ్రీకి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 1,000 మైక్రోసీమెన్స్ ఉన్న నీరు, విజయవాడ మే నెల ఎండకు 35 డిగ్రీలకు వేడెక్కినపుడు దాదాపు 1,200 చూపుతుంది. నీటిలో ఒక్క రవ్వ ఉప్పు కూడా పెరగలేదు. నేటి పరికరాలలో అధిక భాగం ఈ తేడాను వాటంతట అవే సరిచేసి 25 డిగ్రీల విలువను చూపుతాయి. సరిచేయని పాత పరికరంతో జనవరిలోను, మే నెలలోను తీసిన అంకెలను పక్కపక్కన ఉంచి "వేసవిలో ఉప్పు పెరిగింది" అని నిర్ధారించుట సరికాదు. వేసవిలో ఉప్పు నిజంగానే పెరుగును గనుక ఈ పొరపాటు బయటపడదు కూడా.

గాలి ప్రభావం స్వల్పమే. శుద్ధ జలాన్ని మూతలేని పాత్రలో ఉంచితే అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడును పీల్చుకొని వాహకతను సుమారు 1 మైక్రోసీమెన్ వరకు పెంచుకొంటుంది. తాగునీటి విషయంలో ఇది లెక్కలోనికి రాదు. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల మాత్రం లెక్కలోనికి వస్తుంది. కృష్ణా నీటి నుండి లవణాలను దాదాపు పూర్తిగా తొలగించిన తరువాతనే దానిని బాయిలర్లకు పంపుతారు. అక్కడ వాహకత కొద్దిపాటి పెరుగుదలను కూడా గొట్టాల తుప్పునకు, పొరలు కట్టుటకు ముందస్తు హెచ్చరికగా పరిగణిస్తారు.

ఎర్రని వరద నీటిని చూసి వాహకత ఎక్కువని భావించుట మరొక అపోహ. బురద రేణువులు విద్యుత్తును మోయవు. వరద కాలంలో వర్షపు నీరు ఎక్కువగా కలియుట చేత నది వాహకత సాధారణంగా తగ్గుతుంది. అద్దంలా తేటగా ఉన్న బోరు నీటిలోనే అంకె వేలల్లో ఉండవచ్చును.

బ్యారేజి నుండి సముద్రం వరకు

1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో గండిపడగా, దాని స్థానే నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో వినియోగంలోనికి వచ్చింది. దాని నుండి బయలుదేరే కాలువల కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. సేద్యపు నీరు అందించుటతో బాటు, ఈ కాలువలు ఏటా నేలలోని ఉప్పును కడిగి డ్రెయిన్ల ద్వారా సముద్రానికి చేర్చుచున్నవి. ఈ రెండవ పనిని గురించి చెప్పుకొనుట అరుదు.

ఒక చిన్న లెక్క దీని ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది. 1,000 మైక్రోసీమెన్స్ వాహకత గల నీటిలో లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. వరి పంట కాలం మొత్తంలో ఎకరానికి నాలుగు అడుగుల మేర అటువంటి నీటిని పెడితే, ఆ ఎకరంలోనికి మూడు టన్నులకు పైగా లవణం చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. డ్రెయిన్లు పూడిపోయి మురుగు కదలని చోట రైతు మంచి నీరే పెట్టినా కొన్నేళ్ళకు నేల చౌడుబారుట ఇందువల్లనే. డ్రెయిన్ల పూడికతీత పనులు కాలువల ఆధునికీకరణ పనులంతగా వార్తలకెక్కవు. చివరి ఆయకట్టు రైతుకు మాత్రం రెండూ సమానమే.

పైనుండి వచ్చే నీరు తగ్గినపుడు ఏమగునో 2002-04 సంవత్సరాల వర్షాభావంలో డెల్టా చవిచూచింది. కృష్ణా పరీవాహక ప్రాంతంలో ఎగువ వినియోగం పెరుగుట, వర్షాలు లేమి కలిసి ఆ కాలంలో నది సముద్రానికి చేర్చిన నీరు నామమాత్రమైనది. నదిలో మంచినీటి ఒత్తిడి లేనపుడు సముద్రపు పోటు నదీముఖం నుండి, డ్రెయిన్ల నోటి నుండి లోపలికి ఎగబాకుతుంది. అటువంటి కాలంలో దివిసీమ డ్రెయిన్లలో పోటు సమయంలో ఒక అంకె, పాటు సమయంలో మరొక అంకె వచ్చుట సహజం. అందుచేత ఆటుపోట్ల ప్రాంతంలో నమూనా తీసిన తేదీ మాత్రమే కాక గంట కూడా నమోదు కావలెను.

2013లో నీటి నిల్వ ప్రారంభమైన పులిచింతల జలాశయం 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యంతో డెల్టాకు కొంత వెసులుబాటు కల్పించింది. తదుపరి పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలియుట ప్రారంభమైనది. గోదావరి నీటిలో లవణాలు సాధారణంగా కృష్ణా నీటి కంటే తక్కువ. కృష్ణ పరీవాహక ప్రాంతం ఎక్కువ పొడిగా ఉండుట, ఎగువన సేద్యానికి వాడిన నీరే మరల నదిలో చేరుట ఇందుకు ముఖ్య కారణాలు. కావున గోదావరి నీరు కలిసిన రోజులలో బ్యారేజి వద్ద వాహకత తగ్గిన యెడల అది కొలతలో లోపమని తలచనవసరం లేదు.

భూగర్భ జలం సంగతి వేరు. డెల్టా నేల సముద్రం వెనుకకు జరిగిన కొలదీ నదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినది. ఆనాటి సముద్రపు నీరు కొన్ని పొరలలో నేటికీ చిక్కుకొని ఉన్నది. అందుచేత తీరానికి ఎంతో దూరంలో ఉన్న గ్రామంలో కూడా లోతైన బోరు ఉప్పు నీటిని ఇవ్వవచ్చును. దానిని నేటి సముద్రం చొచ్చుకురావడంగా వర్ణించుట అన్ని సందర్భాలలోను ఒప్పు కాదు. పైపొరలోని మంచినీటిని అతిగా తోడినపుడు కింది ఉప్పు నీరు పైకి లేచుట ఇంకొక సమస్య. కారణం వేరైనపుడు పరిష్కారమూ వేరే. ఈ మూడింటినీ "సముద్రపు నీరు చొరబాటు" అనే ఒక్క శీర్షిక కింద చేర్చుట వలన చర్చ దారి తప్పుచున్నది.

బాపట్ల తీరపు ఇసుక నేలలలో రైతులు పూర్వం నుండి తవ్వుకొంటున్న దొరువులు ఈ విషయంలో మంచి ఉదాహరణ. ఇసుకలో ఇంకిన వాన నీరు బరువైన ఉప్పు నీటిపై మీగడ వలె తేలియుంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరు ఉండునని శాస్త్ర సూత్రం. పైన ఒక్క అడుగు తగ్గితే కింద 40 అడుగులు పోయినట్లే. లోతుగా బోరు వేసి బలంగా తోడినవారికి ఉప్పు, చిన్న గుంట తవ్వి కొద్దికొద్దిగా తోడినవారికి మంచినీరు లభించుటకు కారణమిదే. వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిధిలోని బాపట్ల లవణ జల పరిశోధనా కేంద్రం ఈ సంప్రదాయాన్నే మెరుగుపరచి, పైపొర నీటిని అడ్డంగా అమర్చిన గొట్టాల ద్వారా సేకరించే దొరువు పద్ధతిని రూపొందించింది. నీటిపారుదలలో వాహకత కొలతకు ఇంతకంటె చక్కని వినియోగం మన ప్రాంతంలో వేరొకటి కనిపించదు.

2002లో రామ్‌సార్ జాబితాలో చేరిన కొల్లేరు సరస్సు మంచినీటి సరస్సు. సముద్రంతో దానికి గల సంబంధం ఉప్పుటేరు ద్వారా మాత్రమే. బుడమేరు, తమ్మిలేరుల నుండి నీరు తగ్గిన వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పు నీరు ఎగదన్నుతుంది. దీనికి తోడు 2009లో వెనామీ రొయ్యల పెంపకానికి దేశంలో అనుమతి లభించిన తరువాత చెరువులు విస్తరించగా, కొన్నిచోట్ల ఉప్పు బోర్ల నీటిని చెరువులకు తోడి, పట్టుబడి తరువాత కాలువలలోనికి వదలుట ఫిర్యాదులకు కారణమగుచున్నది. రొయ్య రైతుకు అవసరమైన ఉప్పు పక్కనున్న వరి రైతుకు నష్టం. ఇరువురి వాదనలలోను న్యాయం ఉన్నందున, కాలువలో చెరువు తూముకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున వాహకత అంకెలు తీసి నమోదు చేసినపుడే వివాదం పరిష్కారానికి వీలగును.

పంట, నేల

అమెరికా లవణ భూముల ప్రయోగశాల 1954లో ప్రకటించిన వర్గీకరణ నేటికీ వాడుకలో ఉన్నది. దాని ప్రకారం 250 మైక్రోసీమెన్స్ లోపు నీరు తక్కువ లవణత, 750 వరకు మధ్యస్థం, 2,250 వరకు అధికం, ఆపైన అత్యధికం. నేల విషయంలో తడిపిన మట్టి నుండి తీసిన ద్రావణాన్ని కొలుస్తారు. అది 4 డెసీసీమెన్స్ మించితే లవణ భూమిగా పరిగణిస్తారు. వరి పైరు 3 డెసీసీమెన్స్ వరకు తట్టుకొంటుంది. ఆపైన ఒక్కో డెసీసీమెన్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గునని అంతర్జాతీయ పరిశోధనలు తెలుపుచున్నవి. లేత నారు, పూత దశలలో పైరు మరింత సున్నితం. నాట్ల సమయంలో కాలువ నీరు ఆలస్యమైతే దివిసీమ రైతు ఆందోళన చెందుట నీటి కొరత కొరకు మాత్రమే కాదు, ఆ కొద్ది వారాలలో మడిలో చిక్కబడే ఉప్పు కొరకు కూడా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రపు నీరు ముంచెత్తిన పొలాలను మరల సాగులోనికి తెచ్చుటకు కూడా మంచినీటితో కడుగుట తప్ప దగ్గరి దారి లేకపోయినది.

వాహకత సోడియం పాలు ఎంతో చెప్పదు. సోడియం అధికమైతే డెల్టా నల్లరేగడి మట్టి చెదిరి, నీరు ఇంకని గట్టి పొరగా మారుతుంది. అటువంటి నీటికి వాహకత మధ్యస్థంగానే కనిపించవచ్చు. కావున వ్యవసాయ అధికారులు సోడియం అధిశోషణ నిష్పత్తిని కూడా చూడకుండా నీటికి యోగ్యతా పత్రం ఇవ్వరాదు.

తాగునీరు, టి.డి.ఎస్. మీటరు

భారతీయ ప్రమాణాల సంస్థ 2012 ప్రమాణం ప్రకారం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారం. వేరొక నీటి వనరు లేనపుడు 2,000 వరకు అనుమతి. వాహకతకు ఆ ప్రమాణంలో విడిగా పరిమితి లేదు. మార్కెట్లో పెన్ను ఆకారంలో లభించే టి.డి.ఎస్. మీటరు నిజానికి కొలిచేది వాహకతనే. ఆ అంకెను తనలో ముందుగా అమర్చిన 0.5 నుండి 0.7 మధ్యనున్న ఏదో ఒక గుణకంతో హెచ్చవేసి టి.డి.ఎస్.గా చూపుతుంది. ఒకే గ్లాసు నీటికి రెండు మీటర్లు 500 అని ఒకటి, 700 అని ఒకటి చూపిస్తే రెండింటిలోను లోపం లేకపోవచ్చును.

నీటి శుద్ధి యంత్రాల విక్రయదారులలో కొందరు ఇంటింటికి తిరిగి చేసే ప్రదర్శన గురించి కూడా ఇక్కడ ప్రస్తావించుట అవసరం. కుళాయి నీటిలో రెండు జతల లోహపు కడ్డీలు ముంచి కరెంటు ఇవ్వగానే నీరు క్షణాలలో గోధుమ, నలుపు రంగులకు మారుతుంది. యంత్రం ద్వారా వచ్చిన నీరు మారదు. ఆ మడ్డి నీటిలోని మురికి కాదు. నీటిలోని లవణాలు విద్యుత్తును మోయుట వలన కరిగిన ఇనుప కడ్డీ తుప్పు. శుద్ధ నీటిలో చిటికెడు ఉప్పు వేసి అదే ప్రయోగం చేస్తే అదీ అలాగే నల్లబడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం, అతిసారాన్ని కలిగించే సూక్ష్మజీవులు వాహకతను చెప్పుకోదగినంతగా మార్చవు. పురుగుమందుల అవశేషాలలో అధిక భాగం విద్యుదావేశం లేనివి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే హాని చేసే ఫ్లోరైడు వందల అంకెల మధ్య కనిపించకుండా పోతుంది. కావున 300 మైక్రోసీమెన్స్ నీరు "సురక్షితం" అని ప్రకటించుట గాని, 1,800 నీరు "విషం" అని వ్రాయుట గాని తగదు. అంకెలో హఠాత్తుగా వచ్చిన మార్పు మాత్రం విలువైనది. సరఫరా గొట్టంలో నిన్నటి వరకు 500 ఉన్న నీరు నేడు 900 చూపితే మురుగు లేక ఉప్పు నీరు కలిసి ఉండవచ్చును. వెంటనే ప్రయోగశాల పరీక్ష జరిపించవలెను.

వరద నీరు, విద్యుత్ ప్రమాదం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు గండ్లతో విజయవాడలోని అనేక కాలనీలు నీట మునిగినపుడు, ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినపుడు, ముంపు ప్రాంతాలలో విద్యుత్ సరఫరా ఎందుకు నిలిపివేశారనే ప్రశ్న వచ్చింది. వీధుల నీటిలో మట్టి లవణాలు, మురుగు కలిసి ఉండుట వలన అది విద్యుత్తును సులభంగా మోస్తుంది. ఉప్పు నీరైతేనే ప్రమాదమనే నమ్మకం సరికాదు. మానవ శరీరంలోని ద్రవాలు వరద నీటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ వాహకత కలవి. అందువల్ల మంచినీటిలో ఉన్న మనిషి శరీరమే కరెంటుకు సులువైన మార్గమగును. ఆక్వా చెరువులలో ఏరియేటర్ల వైర్లు తెగినపుడు ప్రాణనష్టం జరుగుటకు కారణమూ ఇదే.

ఎర్తింగు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి వేసవిలో నీరు పోయుట విద్యుత్ సిబ్బందికి తెలిసిన పద్ధతే. పొడి నేల విద్యుత్తును లోనికి తీసుకొనదు. తడి, లవణం కలిసినపుడే తీసుకొంటుంది. తీర గ్రామాల ఉప్పు నేలలో ఎర్తింగు సులభంగా దొరికినా, అదే ఉప్పు ఇనుప కడ్డీని త్వరగా తినివేస్తుంది గనుక అక్కడ తనిఖీలు మరింత తరచుగా జరపవలసి ఉన్నది.

నమోదులో పాటించవలసినవి

వాహకతను వీలైనంతవరకు నమూనా తీసిన చోటనే కొలవవలెను. నిలవ ఉన్న సీసాలో కాల్షియం కార్బొనేటు అడుగున పేరుకొని అంకె తగ్గవచ్చును. పరికరాన్ని తెలిసిన పొటాషియం క్లోరైడు ద్రావణంతో సరిచూచుకొనుట, ఒక నమూనా నుండి మరొక దానికి మారునపుడు ఎలక్ట్రోడును కడుగుట తప్పనిసరి. బోరులో పాత నీరు పోయేంతవరకు కొంతసేపు తోడిన తరువాతనే నమూనా పట్టవలెను. పాత్రికేయులు ఒక అంకెను ప్రచురించే ముందు దాని ప్రమాణం, 25 డిగ్రీలకు సరిచేసినదా కాదా, బోరు లోతు, తేదీ, ఆటుపోట్ల ప్రాంతమైతే సమయం అడిగి తెలుసుకొనుట మంచిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినందున, పాత కృష్ణా, గుంటూరు జిల్లాల సగటు అంకెలను నేటి ఎన్.టి.ఆర్., కృష్ణా, ఏలూరు, గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాల అంకెలతో నేరుగా పోల్చరాదు. అదే బావి, అదే లోతు, అదే నెల అంకెలను మాత్రమే సంవత్సరాల వారీగా పోల్చవలెను.